ఎఫ్‌టీఏ (స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) వల్ల ఎగుమతిదారుకు మిగిలేదెంత? మీ అనుభవాలు చెప్పండి

ఇత్తడి_కొత్తవాడు: మేం ఇత్తడి ఫిట్టింగులు పంపుతాం. యూఏఈ నుంచి ఒక కొనుగోలుదారు వచ్చారు. సెపా (యూఏఈతో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందం) వల్ల 5 శాతం సుంకం పోయింది కాబట్టి ఆ మేరకు రేటు తగ్గించమంటున్నారు. మరి మనకు ఒరిగేదేంటి? సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు మన దేశంలోనే తయారైందని చూపే పత్రం) ఎవరు తీయాలి? సరుకు మూడో దేశం రేవులో ఓడ మారితే ఇబ్బందా?

నూలుపోగు: తగ్గించకండి! సుంకం కట్టేది వాళ్లు కాబట్టి మినహాయింపు ముందు వాళ్ల జేబులోకే పోతుంది. ఆస్ట్రేలియా ఒప్పందం 2022 డిసెంబరు 29న అమల్లోకొచ్చింది. జనవరిలో మా పార్టీ, అంటే అక్కడి కొనుగోలుదారు, పంపిన మొదటి మెయిల్‌లో ఉన్నది ఒక్కటే మాట: కొత్త రేటు చెప్పండి. భయపడి తగ్గిన సుంకం మొత్తాన్నీ రేటులో వదిలేశాం. ఇప్పటికీ కడుపు మండుతోంది.

గడియారం_77: నూలుపోగు గారూ, మీరు ఒక వైపే చూస్తున్నారు. చైనాకు ఆస్ట్రేలియాతో 2015 డిసెంబరు నుంచే ఒప్పందం ఉంది. ఏడేళ్లపాటు మనం సుంకం మోస్తూ పోటీ పడ్డాం. మాకు ఆ భారం పోగానే, అంతకుముందు కొటేషన్‌కు జవాబు కూడా ఇవ్వని ఇద్దరు శాంపిళ్లు అడిగారు. లాభం ఆర్డర్లలో వచ్చింది.

నూలుపోగు: మీకు వచ్చాయి, మాకు రాలేదు.

మాత్రల_మనిషి: మా మందుల రంగంలో సుంకం అసలు లెక్కే కాదు. యూఏఈ సెపాలో అమెరికా, యూరప్ లాంటి చోట్ల అనుమతి పొందిన మందులకు 90 రోజుల్లో రిజిస్ట్రేషన్ ఇవ్వాలన్న మాట ఉంది. ఫైలు కదలక గోదాములో సరుకు గడువు తీరిపోవడం చూసినవాళ్లకు తెలుస్తుంది దాని విలువ.

బేరింగు_బాబు: ఇదంతా సర్టిఫికెట్ వచ్చేవాళ్ల మాట. కొరియాతో ఉన్న సెపాకు 35 శాతం స్థానిక విలువ (సరుకు విలువలో ఇక్కడ కలిసిన భాగం) చూపాలి. మాకు 94 ఖర్చయితే అందులో 62 బయటి దేశపు ఉక్కు. మిగిలిన 32ని 94తో భాగిస్తే 34 చిల్లర. ఒక్క శాతం తక్కువని రెండేళ్లుగా అప్లై చేయడమే మానేశాం.

రేవు_పాతకాపు: ఇరవై రెండేళ్లుగా కస్టమ్స్ బ్రోకర్ పని చేస్తున్నా, ఇలాంటి లెక్కలు వందల్లో వేశాను. మీరు భాగించాల్సింది ఖర్చుతో కాదు, ఎఫ్‌ఓబీ విలువతో, అంటే ఓడ ఎక్కించేదాకా అన్నీ కలిపిన అమ్మకం ధరతో. మీ ఎఫ్‌ఓబీ ఎంత?

బేరింగు_బాబు: 100. కానీ మా లాభాన్ని స్థానిక విలువ అని ఎలా చూపిస్తాం? పట్టుబడితే మీరొచ్చి కడతారా?

గడియారం_77: నాకూ అనుమానమే. కూలీ, స్థానిక సరుకు మాత్రమే లెక్కలోకి వస్తాయని మా ఆడిటర్ అన్నారు.

రేవు_పాతకాపు: ఆడిటర్‌ని ఒప్పందం తెరిచి చదవమనండి! కొరియా ఒప్పందంలో ఉన్నది తీసివేత. ఎఫ్‌ఓబీలోంచి బయటి సరుకు విలువ తీసేయాలి, మిగిలినదాన్ని మళ్లీ ఎఫ్‌ఓబీతో భాగించాలి. కూలీ, కరెంటు, రేవు దాకా లారీ, మీ లాభం, అన్నీ ఆ మిగులులోనే ఉంటాయి. 100లో 62 పోతే 38. అయితే అదొక్కటే చాలదు. వాడిన బయటి ఉక్కు హెచ్‌ఎస్ కోడూ (కస్టమ్స్ సరుకును గుర్తించే అంకెలు), తయారైన సరుకు కోడూ ఆరంకెల స్థాయిలో వేరుగా ఉండాలి.

బేరింగు_బాబు: ఇంత గట్టిగా అరవక్కర్లేదు.

రేవు_పాతకాపు: ఇదే తప్పుతో ఎంతోమంది హక్కుగా వచ్చేది వదులుకుంటున్నారు. కోపం మీ మీద కాదు బాబూ.

ఇత్తడి_కొత్తవాడు: నా రేవు సంగతి ఎవరైనా చెప్పండి...

రేవు_పాతకాపు: ఓడ మారినా ఫర్వాలేదు. సరుకు అక్కడి కస్టమ్స్ అదుపులోనే ఉండాలి, దాని మీద ఏ పనీ జరగకూడదు. చివరి గమ్యం దాకా ఒకే బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రవాణా పత్రం) తీసుకోండి. సర్టిఫికెట్ మీరే తీయాలి, అదీ వీలైనంతవరకు ఓడ కదిలే ముందే. ఇన్‌వాయిస్‌లో ఒక కోడు, సర్టిఫికెట్‌లో ఇంకో కోడు పడితే అక్కడ సుంకం పూర్తిగా వేసే ప్రమాదం ఉంది.

నూలుపోగు: ఆ సుంకాన్ని మా పార్టీ మా బిల్లులోంచి కోసుకున్నాడు. రెండు అంకెలు తారుమారైనందుకు! ఇత్తడి గారూ, ఆ 5 శాతంలో సగానికి మించి వదలకండి. అదీ పెద్ద ఆర్డర్ రాసిస్తేనే.

బేరింగు_బాబు: పాత ఫైళ్లు తీసి కూర్చున్నా. కోడ్లు వేరే ఉన్నాయి. 38 కంటే తక్కువ వచ్చిన షిప్‌మెంట్ ఒక్కటీ లేదు. పాతకాపు గారూ, ఇప్పటికే పంపేసినవాటికి సర్టిఫికెట్ అడిగే గడువు ఇంకా ఉందేమో చూడాలి. మీకు ఫోన్ చేయొచ్చా?