సిగ్నల్ కెమెరాలు మొత్తం తీసేయాలని అర్జీ. సంతకం పెట్టాలా, వద్దా?

హిందూపురం క్యాబ్:

అందరికీ నమస్కారం. మాది హిందూపురం పక్కన పల్లె. బెంగళూరులో క్యాబ్ నడుపుతున్నా, ఇల్లు మారతహళ్ళిలో. మా స్టాండులో డ్రైవర్లంతా కలిసి ఒక అర్జీ రాస్తున్నారు. సిగ్నళ్ళ దగ్గర పెట్టిన ఆటోమేటిక్ కెమెరాలు మొత్తం పీకేయాలి, పోలీసు ఎదురుగా నిలబడి ఆపితేనే ఫైన్ వేయాలి, ఇదీ డిమాండు. ఆదివారం లోపల సంతకాలు కావాలంటున్నారు. నేను ఎటూ తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నా.

కోపం ఎందుకో ముందు చెప్తా. పోయిన నెల ఒక పెద్దాయనను ఎక్కించుకుని వస్తున్నా. రోడ్డు ఖాళీగా ఉంది, యాభైలో ఉన్నా. జంక్షన్ గీతకు ఇంకా నాలుగు బస్సుల పొడవు దూరం ఉందనగా ఎల్లో పడింది. వెనక బస్సు నా డిక్కీ మీదికి వచ్చేస్తోంది, అద్దంలో దాని ముందు భాగం తప్ప వేరే ఏమీ కనిపించలేదు. గట్టిగా బ్రేకు తొక్కితే వెనక సీట్లో పెద్దాయన గతి ఏం కావాలి? తొక్కలేదు, వెళ్ళిపోయా. తర్వాత ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఐదు వందలు. ఫొటో తెరిచి చూస్తే నా బండి గీత మీద ఉంది, పైన ఎర్రలైటు వెలుగుతోంది. ఆ ఫొటో చూసినవాడు ఎవడైనా తప్పు డ్రైవరుదే అంటాడు. ఎల్లో ఎప్పుడు పడింది, ఎంతసేపు ఉంది, వెనక ఏ బండి ఉంది, ఇవేవీ ఫొటోలో లేవు.

ఐదు వందలంటే గ్యాసు, ఈఎంఐ పోను మాకు ఒక పూట మిగులు. బండి వేరేవాళ్ళదైతే మెసేజ్ ఓనరుకు పోతుంది, ఓనరు లెక్కలో కోసుకుంటాడు, డ్రైవరుకు ఫొటో కూడా చూపించడు. మా స్టాండులో ఎక్కువ మంది కడుపుమంట ఇదే. కొందరైతే కట్టడమే మానేశారు. 2023 ఫిబ్రవరిలో సగానికి సగం రాయితీ ఇచ్చారు కదా, మళ్ళీ ఇచ్చినప్పుడు చూద్దాంలే అంటారు.

రెండో పక్క కూడా చెప్పాలి. ఇంతకుముందు రాత్రి పదకొండు దాటాక ఎర్రలైటు దగ్గర ఆగితే వెనకాల హారన్లతో చంపేసేవాళ్ళు. ఇప్పుడు కెమెరా ఉన్న చోట ఆగుతున్నారు. ఇది నేను కళ్ళారా చూస్తున్నా. పైగా పోలీసే ఆపాలి అంటే మళ్ళీ పక్కకు పిలవడాలు, బేరాలు. ఆ రోజులు మా వాళ్ళు అంత తొందరగా ఎలా మరిచిపోయారో నాకు అర్థం కావడం లేదు.

తెలిసినవాళ్ళు చెప్పండి. కెమెరాలు వద్దనడం న్యాయమేనా?


జయనగర్ అక్క:

తమ్ముడూ, దయచేసి ఆ సంతకం పెట్టొద్దు.

మా మరిది రోడ్డు దాటుతుంటే ఎర్రలైటు పడ్డాక వచ్చిన కారు కొట్టింది. అతను జీబ్రా గీతల మీదే ఉన్నాడు, నడిచే బొమ్మ పచ్చగానే ఉంది. తొడ ఎముకలో రాడ్డు వేశారు. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే దిగుతాడు. కొట్టిన కారు ఆగలేదు. అక్కడ అప్పుడు కెమెరా లేదు, నంబరు చెప్పేవాళ్ళు లేరు. కేసు ఎక్కడిది అక్కడే ఉంది.

నువ్వు బండిలో కూర్చుని చూస్తున్నావు, మేము రోడ్డు మీద నిలబడి చూస్తున్నాం. మా దగ్గర పచ్చబొమ్మ పడ్డాక కూడా ఎడమ నుంచి రెండు బైకులు, ఒక ఆటో పోతాయి. అవి పోయాక అడుగు వేస్తే సగం రోడ్డులో బొమ్మ ఆరుతూ వెలగడం మొదలవుతుంది. చేతిలో కూరల సంచి, పక్కన మా అత్తగారు. కెమెరా పెట్టిన సిగ్నల్ దగ్గర బండ్లు గీతకు వెనకాలే ఆగుతాయి, అక్కడ మేము నెమ్మదిగా నడిచి దాటుతాం. అందుకే ఒక వీధి చుట్టు తిరిగినా సరే, ఆ సిగ్నల్ దగ్గరికే పోయి దాటుతున్నాం.

నీకు అన్యాయం జరిగి ఉంటే దాని మీద గట్టిగా పోరాడు. కెమెరా తీసేయమని మాత్రం అడగొద్దు.


సిగ్నల్ పనివాణ్ణి:

చిత్తూరు వాణ్ణి, ట్రాఫిక్ సిగ్నల్ కంట్రోలర్ల పనిలో ఉన్నాను. హిందూపురం అన్న అడిగిన దాంట్లో అసలు విషయం కెమెరా కాదు, ఎల్లో. దాని గురించే కొంచెం వివరంగా రాస్తాను.

గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఎల్లో చూసి కాలు బ్రేకు మీదికి రావడానికి ఒక సెకను అనుకుందాం. ఆ తర్వాత ప్రయాణికులు ముందుకు తూలిపడకుండా ఆగాలంటే ఇంకో 32 మీటర్లు. మొత్తం 46 మీటర్లు. అంటే గీతకు 46 మీటర్ల లోపల ఉన్నవాడు మామూలు బ్రేకుతో ఆగలేడు, దాటాల్సిందే. ఆ 46 మీటర్లు దాటడానికి 3.3 సెకన్లు పడుతుంది. ఎల్లో సరిగ్గా 3 సెకన్లే పెట్టారనుకోండి, ఆ టైములో దాటగలిగేది 42 మీటర్లే. 42కూ 46కూ మధ్య ఉన్నవాడు ఆగలేడు, దాటలేడు. అన్న చెప్పిన నాలుగు బస్సుల పొడవు 45 మీటర్ల లెక్క. సరిగ్గా ఆ సందులోనే ఇరుక్కున్నాడు. 60లో వస్తే ఆ సందు 13 మీటర్లకు పెరుగుతుంది, ఎల్లో 3.8 సెకన్లు ఉండాలి.

ఇది కొత్త లెక్క కాదు. గాజిస్, హెర్మన్, మరదుదిన్ అనే ముగ్గురు 1960లోనే ఈ సూత్రం రాశారు. అమెరికాలోని ఒరెగాన్‌లో మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ అనే ఆయన భార్యకు 2013లో రెడ్‌లైట్ కెమెరా చలాన్ వచ్చింది. ఆయన కూర్చుని లెక్క వేసి, మలుపు తిరిగే బండ్లకు ఈ ఎల్లో చాలదని చూపించాడు. లైసెన్సు లేకుండా ఇంజనీరు పని చేస్తున్నావంటూ అక్కడి ఇంజనీర్ల లైసెన్సు బోర్డు ఆయనకే 500 డాలర్ల జరిమానా వేసింది! కోర్టుకు వెళ్ళి గెలిచాడు. 2020లో రవాణా ఇంజనీర్ల సంస్థ ఐటీఈ మలుపుల లెక్కను ఆయన చూపిన దారిలో మార్చుకుంది. ఇది చదివినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మామూలు మనిషి కెమెరా పీకేయమని అరవకుండా, సెకన్లు లెక్కపెట్టి గెలిచాడు.

నిషేధించిన ఊళ్ళూ ఉన్నాయి. హ్యూస్టన్ ప్రజలు 2010లో ఓటు వేసి ఆపించారు, టెక్సాస్ రాష్ట్రం 2019లో చట్టమే చేసింది. కానీ అమెరికా హైవే శాఖ 2005లో ఇచ్చిన అధ్యయనం చూడండి. కెమెరాలున్న చోట అడ్డంగా గుద్దుకునే ప్రమాదాలు దాదాపు 25 శాతం తగ్గాయి, వెనక నుంచి గుద్దేవి 15 శాతం దాకా పెరిగాయి. అన్న బస్సు భయం వట్టిది కాదని ఇదే చెబుతోంది. కాకపోతే వెనక నుంచి గుద్దితే ఎక్కువగా బంపరు పోతుంది, పక్క నుంచి గుద్దితే డోరు పక్కన కూర్చున్న మనిషి పోతాడు. నేను కెమెరా ఉండాలనే అంటాను.

ఇంకో ముక్క. సరిగ్గా పని చేసే కెమెరా ఎర్ర పడ్డాకే నిద్ర లేస్తుంది. బండి గీతకు వెనక ఉండగా ఒక ఫొటో, దాటాక ఇంకోటి, రెండింటిలోనూ ఎర్రలైటు కనిపించాలి. ఎర్ర పడేటప్పటికే గీత దాటి ఉన్నవాడికి చలాన్ రాకూడదు. అన్నా, మీకు వచ్చింది ఒకటే ఫొటో అయితే రెండోది అడగండి. ఎర్ర పడిన ఎన్ని సెకన్లకు మీ బండి గీత దాటిందో కూడా అడగండి. అర సెకను అని వస్తే మీరు ఎల్లో బాధితులు. నాలుగు సెకన్లు అని వస్తే వాదించడానికి ఏమీ లేదు.

బెంగళూరులో ఐటీఎంఎస్, అంటే కెమెరాలే తప్పులు పట్టి చలాన్ పంపే ఏర్పాటు, 2022 డిసెంబరులో 50 జంక్షన్లలో మొదలైంది. నంబరు ప్లేటు చదివే కెమెరాలు 250, రెడ్‌లైట్ కెమెరాలు 80. ఆ తర్వాత చాలా చోట్ల రద్దీని బట్టి పచ్చ టైము తనంతట తానే మారే సిగ్నళ్ళు వచ్చాయి. అలాంటి చోట సెకన్లు లెక్కపెట్టే టైమరు పనికిరాదు, ఎందుకంటే పచ్చ ఎప్పుడు ఆగుతుందో ముందే తెలియదు. డ్రైవరుకు మిగిలిన హెచ్చరిక ఎల్లో ఒక్కటే. అందుకే దాన్ని పావు సెకను కూడా తగ్గనివ్వకూడదు.


శివాజీనగర్ వకీలు:

పై ఆయన చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంచెం కలుపుతాను. పీకేయమనే అర్జీ నిలబడదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 136ఎ సెక్షన్ వచ్చింది, అది ఎలక్ట్రానిక్ నిఘా పెట్టమనే చెబుతోంది. దాన్ని అమలు చేయమని సుప్రీంకోర్టు 2024లో రాష్ట్రాలకు చెప్పింది కూడా.

కానీ అదే చట్టం కింద 2021 ఆగస్టులో 167ఎ రూలు తెచ్చారు. మీ బలమంతా అందులో ఉంది. పరికరానికి ఆమోద సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటా రెన్యూ చేయాలి. కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు రావాలి. నోటీసులో ఫొటో, తేదీ, సమయం, చోటు ఉండాలి. చలాన్ తేలేదాకా రికార్డు దాచి ఉంచాలి. మీ స్టాండులో పాత చలాన్లు ఉన్నవాళ్ళు మొదట తేదీలు చూసుకోండి.

అడిగితే ఏమవుతుందనేవాళ్ళకు ఒక ఉదాహరణ. 2019లో ఢిల్లీలో 24వ నంబరు జాతీయ రహదారి మీద బోర్డులో వేగ పరిమితి 70 అని ఉంటే కెమెరాలు 60కే పట్టాయి. లక్షన్నర దాకా చలాన్లను పోలీసులే వెనక్కి తీసుకున్నారు. అక్కడ ఎవరూ కెమెరాలు తీసేయలేదు, తప్పు సెట్టింగు సరిదిద్దారు.

బండి ఓనరు వేరే అయితే, నడిపింది ఎవరో ఓనరు చెప్పవచ్చు. డబ్బు కోసుకునే ముందు డ్రైవరుకు ఫొటో చూపించమని మీ సంఘమే ఓనర్లతో రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. దానికి కోర్టు అక్కర్లేదు.


హిందూపురం క్యాబ్:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీ మరిది గారి సంగతి చదివి మా ఇంట్లో కూడా చెప్పాను. ఆ అర్జీ మీద ఉన్నది ఉన్నట్టుగా నేను సంతకం పెట్టను. పొద్దున స్టాండులో ఆ మాటే చెప్పా, కొందరు గట్టిగా అరిచారు. సెకన్ల లెక్క ఫోనులో చూపించాక సగం మంది విన్నారు.

డిమాండు మార్చాలని చూస్తున్నాం. ప్రతి కెమెరా జంక్షన్‌లో ఎల్లో ఎన్ని సెకన్లో బోర్డు మీద రాయాలి. చలాన్ ఫొటో మీద ఎల్లో ఎంతసేపు ఉంది, ఎర్ర పడ్డాక ఎన్ని సెకన్లకు బండి దాటింది, రెండూ ముద్రించాలి. పరికరం సర్టిఫికెట్ అడిగినవాళ్ళకు చూపించాలి. అంబులెన్సుకు దారి ఇవ్వడానికి గీత దాటితే ఆ చలాన్ రద్దు కావాలి, దానికి వీడియో వాళ్ళే చూసుకోవాలి, మమ్మల్ని తిప్పకూడదు. ఈ చివరిది మా వాళ్ళలో అందరూ ఒప్పుకున్నారు. సైరన్ వినపడుతుంటే ఐదు వందల గురించి ఆలోచించే పరిస్థితి ఏ డ్రైవరుకూ రాకూడదు.

ఒక సాయం కావాలి. అర్జీ కన్నడలో ఇవ్వాలి. మాకు కన్నడ మాట్లాడటం బాగా వచ్చు, రాయడం రాదు. ఎవరైనా రాసిపెడతారా?


సిగ్నల్ పనివాణ్ణి:

అన్నా, నేను పదో తరగతి దాకా కన్నడ మీడియం. తెలుగులో ఉన్నది ఇక్కడే పెట్టండి, రాసిస్తాను. జంక్షన్ల పేర్లు కూడా ఇవ్వండి. వీలైతే ఒక్కో చోట ఎల్లో పడి ఆరేదాకా ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. బండి నడుపుతూ కాదు, ఫుట్‌పాత్ మీద నిలబడి తీయండి. వేరే వేరే టైముల్లో తీస్తే మంచిది. వీడియో పక్కన పెట్టి అడిగితే ఎల్లో సరిపోతుందో లేదో వాళ్ళే లెక్క చూసి చెప్పాల్సి వస్తుంది.