గోదావరి జిల్లాల్లో కమలం సొంతంగా పెరిగిందా, సైకిలెక్కి వచ్చిందా?

కొబ్బరాకు
పాలకొల్లులో టీ కొట్టు దగ్గర మొదలైన గొడవని ఇక్కడికి తెస్తున్నానండీ. బీజేపీ మన దగ్గర పాతుకుపోయిందంటాడు మా బావమరిది. 2024లో నరసాపురం, రాజమండ్రి ఎంపీ సీట్లు రెండూ రెండేసి లక్షలు దాటిన మెజారిటీతో కొట్టారు, భీమవరం నుంచి శ్రీనివాస వర్మ గారు కేంద్రంలో సహాయ మంత్రి అయ్యారు, ఇంకేం కావాలి అంటాడు. నాకది పార్టీ బలంలా అనిపించలేదు. నరసాపురం కింద ఏడు అసెంబ్లీ సీట్లుంటే నాలుగుచోట్ల సైకిలు, మూడుచోట్ల గ్లాసు, పువ్వు మీద ఎమ్మెల్యేకి నిలబడ్డవాడు ఒక్కడూ లేడు. ఆ రోజు టెంటు కింద కూర్చుని స్లిప్పులు రాస్తున్నా. మా పెద్దమ్మ ఓటేసొచ్చి "ఒక మిషన్లో సైకిలు లేదేంట్రా, పువ్వుంటే నొక్కేశాను, తప్పు చేశానా?" అని ఒకటే కంగారు. ముందురోజు ఇంటింటికీ తిరిగి "ఒకదాంట్లో పువ్వు, ఇంకోదాంట్లో సైకిలు" అని నూరిపోసింది తెలుగుదేశం కుర్రాళ్ళే!

చేపలచెరువు_గట్టు
1998 మర్చిపోయారా గురూగారూ? అప్పుడు చంద్రబాబుతో పొత్తు లేదు, అయినా కాకినాడలో కృష్ణంరాజు గారు, రాజమండ్రిలో గిరజాల వెంకటస్వామి నాయుడు గారు గెలిచారు. కాకినాడంటే సినిమా మోజు అంటారేమో, రాజమండ్రి మాటేంటి మరి? ఇక్కడ వేళ్ళు ఎప్పటినుంచో ఉన్నాయి. మనమే పైన ఆకు చూసి మాట్లాడతాం.

కొబ్బరాకు
మర్చిపోలేదండీ, అదే నా బాధ కూడా. అన్నేళ్ళ కిందటే అంత ఓటు ఉన్న పార్టీ 2019లో ఒంటరిగా దిగితే రాష్ట్రం మొత్తం మీద ఒక్క శాతం కూడా రాలేదు, నోటాకి అంతకంటే ఎక్కువ పడ్డాయి. ఆ వేళ్ళన్నీ ఏమైపోయినట్టు? 2014లో పొత్తులో తాడేపల్లిగూడెం, రాజమండ్రి సిటీ గెలుచుకున్నారు, మాణిక్యాలరావు గారు దేవాదాయ మంత్రిగా కూడా చేశారు. పదేళ్ళు తిరిగేసరికి గూడెం గ్లాసుకి పోయింది, సిటీ సైకిలుకి పోయింది. గెలిచిన సీటే నిలుపుకోలేనివాడిని పెరిగాడని ఎలా అంటాం? అనపర్తి ఉందిగా అంటారు. అక్కడ గెలిచిన రామకృష్ణారెడ్డి గారు సరిగ్గా ఎన్నికల ముందు తెలుగుదేశం నుంచి కండువా మార్చుకొచ్చినవారే కదండీ.

అంతర్వేది_అలలు
ఓట్లొక్కటే లెక్కేంటండీ. 2020 సెప్టెంబరులో మా స్వామి రథం కాలిపోయినప్పుడు ఇక్కడి కుర్రాళ్ళలో పుట్టిన కోపం మీరు చూడలేదు. నాకప్పుడు డిగ్రీ చివరి ఏడాది. అప్పటిదాకా రాజకీయం ఊసే పట్టని మా బ్యాచ్‌లో నలుగురు కాషాయ కండువా వేసుకున్నారు, ఇప్పటికీ తియ్యలేదు. అప్పుడు రాష్ట్ర అధ్యక్షుడు సోము వీర్రాజు గారు కూడా మన జిల్లా మనిషే.

పేట_వీధి
నలుగురు వేసుకుంటే నలభై మంది భయపడ్డారు తమ్ముడూ, అది కూడా రాయి. మాది చర్చి పక్కిల్లు. 2024లో మా నాన్న పువ్వు నొక్కారంటే చుట్టాలే నమ్మరు. జగన్ మీద కోపంతో ఎమ్మెల్యేకి గ్లాసు నొక్కారు, ఎంపీకి వేరే దారి లేక అటే వేశారు, బయటికొచ్చాక ఇంటిదాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ ఓటుని కూడా "పెరుగుదల" ఖాతాలో రాసుకుంటున్నారు చూడండి, అదీ నాకు మండేది.

చేపలచెరువు_గట్టు
పేట_వీధి గారూ, మీ మాటకి జవాబు లేదు నా దగ్గర. కానీ పొత్తులోనైనా ఎంపీ, మంత్రి మనూళ్ళో ఉంటే పని ఉన్నవాడు వాళ్ళ గుమ్మానికే పోతాడు, మెల్లగా వాళ్ళ మనిషైపోతాడు. రొయ్యల మీద అమెరికా సుంకం దెబ్బ పడ్డప్పుడు మా చెరువులోళ్ళం ఎవరింటికి పరిగెత్తామనుకున్నారు? పార్టీ అలా కూడా పెరుగుతుందండీ.

కొబ్బరాకు
ఆయ్, ఆ మాట ఒప్పుకుంటాను. అయితే ఆ గుమ్మం తొక్కినోళ్ళలో రేపు పోటీకి దిగేది ఎంతమంది? సర్పంచికి పార్టీ గుర్తు ఉండదు కాబట్టి అది వదిలేద్దాం. ఎంపీటీసీకి మా మండలంలో పువ్వు గుర్తు మీద నిలబడతానని ఇప్పటిదాకా అడిగింది ఒక్కడే. వాడూ మా బావమరిదే.