పెన్షన్ ఉందని జీతం తగ్గిస్తామంటున్నారు, ఏం చెప్పాలి?

డీజిల్ మెకానిక్:
అందరికీ నమస్కారం. ఈమధ్యే ఆర్మీ నుంచి బయటికొచ్చాను. చివరి ఆరేళ్లు వెహికల్ వర్క్‌షాప్ బాధ్యతంతా నాదే. లారీలు, జీపులు, జనరేటర్లు కలిపి 80, నా కింద 22 మంది, పైగా స్పేర్ పార్టుల స్టోరు. ఎక్కడికెళ్లినా ముందు సెక్యూరిటీ సూపర్‌వైజర్ పోస్టే చూపిస్తున్నారు. తుపాకీ పట్టినవాడికి గేటు తప్ప ఇంకేం చేతకాదనుకుంటారేమో! చివరికి ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ ఇంటర్వ్యూ బాగా జరిగింది. జీతం దగ్గరికొచ్చేసరికి "మీకు పెన్షన్ వస్తుంది కదండీ, ఇది చాల్లే" అన్నారు. అదే పోస్టులో ఉన్న మిగతావాళ్లకు ఎక్కువే ఇస్తున్నారట. పెన్షన్ సంగతి దాచాలా? ఎంత అడగాలి?

రిటైర్డ్ ఎయిర్‌మన్:
దాచక్కర్లేదు తమ్ముడూ. పెన్షన్ నువ్వు చేసేసిన సర్వీసుకు వచ్చేది, రేపు వాళ్ల లారీల కింద దూరి చేయబోయే పనికి దాంతో సంబంధం లేదు. ఇంటి అద్దె వచ్చేవాడి జీతం కోస్తున్నారా? "ఈ పోస్టుకు మీరు అనుకున్న రేంజ్ ఎంతండీ?" అని అడిగి ఊరుకో. పై నుంచి మాట వస్తే "ఎస్ సర్" అనడం మనకు అలవాటు, ఇక్కడ మాత్రం బేరం ఆడితే ఎవరూ తప్పుపట్టరు. డ్యూటీ ఎన్ని గంటలో కాగితం మీద రాయించుకో. 8 గంటలనుకుని అదే జీతానికి 12 గంటలు చేస్తే, గంటకు వచ్చేది మూడో వంతు తగ్గినట్టే.

హెచ్‌ఆర్ వైపు నుంచి:
నేను రెజ్యూమెలు చూసే మనిషిని. నిజం చెప్పాలంటే ర్యాంకులు మాలో చాలామందికి అర్థం కావు. అర్థం కానిదాన్ని కింది గ్రేడులో పడేస్తాం, జీతం అక్కడే ఆగిపోతుంది. యూనిట్ పేరు, కోర్సుల పొట్టిపేర్లు తీసేయండి. ఎన్ని బండ్లు, ఎంతమంది, షెడ్యూల్ సర్వీసింగ్ ఎలా నడిపారు, స్టోరు లెక్క ఎలా చూశారు, ఇవి రాయండి.

ఇంకో సంగతి. పాత జీతం అడిగితే చాలామంది చేతికొచ్చినదే చెబుతారు. క్వార్టర్స్, రేషన్, వైద్యం ఇకపై మీరే కొనుక్కోవాలి, వాటి విలువా కలిపి చూసుకోండి. ఆఫర్‌లో మాత్రం ఫిక్స్‌డ్ (ప్రతి నెలా ఖాయంగా వచ్చేది) ఎంత, వేరియబుల్ (పనితీరును బట్టి మారేది) ఎంత అని విడగొట్టి అడగాలి. కొన్నిచోట్ల మొత్తం అంకె చూసి మురిసిపోతే నెలాఖరున చేతికొచ్చేది వేరేగా ఉంటుంది.

గేటు దగ్గర నేను:
సెక్యూరిటీని మరీ తీసిపారేయకండి అన్నా, నేను అందులోనే ఉన్నాను :) కాకపోతే అపాయింట్‌మెంట్ లెటర్ కంపెనీ ఇస్తుందా, కాంట్రాక్టరా అన్నది ముందు చూసుకోవాలి. ఒకే గేటు, ఒకే డ్యూటీ, రెండు జీతాలు. నాది తక్కువది.

డీజిల్ మెకానిక్:
థాంక్స్ అన్నా, మేడమ్/సార్, అందరికీ. రెజ్యూమెలో మొదటి లైను ఇలా మార్చాను: "వాహనాలు, జనరేటర్లు కలిపి 80 యంత్రాల నిర్వహణ, 22 మంది మెకానిక్‌ల పర్యవేక్షణ, స్పేర్ పార్టుల స్టోరు నిర్వహణ." పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ చేయమని ఒకాయన అంటున్నారు. పనికొస్తుందా?

హెచ్‌ఆర్ వైపు నుంచి:
మేడమ్‌నే :) లైను బాగుంది. పీఎంపీకి ప్రాజెక్టులు నడిపిన అనుభవం కావాలి, రోజువారీ రిపేర్లు అందులోకి రావు. కొత్త షెడ్ కట్టించడం లాంటివి చేసి ఉంటే సరే. లేకపోతే ఆ డబ్బు ఉంచుకుని, ముందు ఆ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లను రేంజ్ అడగండి.