మా రొమాంటిక్ కామెడీ షార్ట్ ఫిల్మ్‌ని ఏ ఫెస్టివల్స్‌కి పంపాలి?

అందరికీ నమస్కారం. షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్స్ గురించి తెలిసినవాళ్ల సలహా కావాలి.

నేను తీసిన సినిమా టైటిల్స్‌తో కలిపి 18 నిమిషాలు. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టడానికి వచ్చిన ఇద్దరు, పెన్ను దొరక్క సాయంత్రం దాకా మాట్లాడుకుంటూ ఉండిపోతారు. అంతే కథ. ఒక చిన్న ఫెస్టివల్‌లో వేస్తే హాలంతా నవ్వింది, చివర్లో ఆ అమ్మాయి మౌనంగా కూర్చున్న షాట్‌కి చప్పట్లు కూడా వచ్చాయి. అవార్డులు మాత్రం అన్నీ సీరియస్ సినిమాలకే వెళ్లాయి. ఆ తర్వాత పంపినచోట్ల సెలెక్ట్ కాలేదు. నవ్వించే ప్రేమకథని జ్యూరీలు తేలిగ్గా తీసుకుంటాయా? నాకైతే కామెడీలో టైమింగ్ కుదరడమే ఎక్కువ కష్టం అనిపిస్తుంది.

ఇప్పుడు రెండు విషయాలు తేలడం లేదు. కాన్స్ షార్ట్ ఫిల్మ్ పోటీకి 15 నిమిషాలు దాటకూడదు, ఆస్కార్‌కి 40 దాకా పర్వాలేదు. కానీ చాలా ఫెస్టివల్స్‌లో నాలుగైదు సినిమాలు కలిపి ఒక షోగా వేస్తారు కాబట్టి నిడివి తక్కువైతే చోటు దొరకడం సులువు అంటున్నారు. మూడు నిమిషాలు కోసేస్తే మధ్యలో వాళ్లిద్దరి పాత గొడవ సీన్ పోతుంది. అది లేకపోతే చివరి షాట్‌కి బలం ఉండదు. కోయమంటారా?

రెండోది, నటులు యూట్యూబ్‌లో పెట్టేయమని అడుగుతున్నారు. ఆన్‌లైన్‌లో వచ్చేసిన సినిమాని కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు. ఎన్నాళ్లు ఆగడం సబబు? కామెడీలకి విడిగా విభాగం ఉన్న ఫెస్టివల్స్‌కి పంపినవాళ్లుంటే మీ అనుభవం చెప్పండి.