ఎండిన ఈతకొలనుల స్కేట్‌బోర్డు: ‘డాగ్‌టౌన్’ చూసినంక రెండు డౌట్లు

కాజీపేట పోరడు:
‘డాగ్‌టౌన్ అండ్ జీ-బాయ్స్’ డాక్యుమెంటరీల కాలిఫోర్నియా స్కేట్‌బోర్డు పోరలు ఎండిన స్విమ్మింగ్ పూల్ గోడ మీదికి బోర్డుతోని ఎక్కుతరు కదా. మన దిక్కు ఎండాకాలం బావులు ఎండుతయి, అండ్ల ఎందుకు కుదరదు? ఇంకోటి: హన్మకొండ సీసీ రోడ్ల మీద 52 ఎంఎం, 99ఏ (గట్టిదనం నంబరు) చక్రాలు గడగడ కొట్టుకుంటయి. ఇంత కంకర తగిలినా బోర్డు ఆగుతది, మనిషి ముందటికి పడుతడు. ఏం మార్చాలె?

గల్లీ గచ్చు:
బావి గోడ నిట్టనిలువు. చక్రం మూలకు పోయి గుద్దుకుంటది, అంతే. కాలిఫోర్నియా పాత పూల్స్‌ల అడుగూ గోడా కలిసేకాడ గిన్నె లెక్క వంపు ఉంటది, మీదికి మలిపేది అదే. 1976-77 కరువుల అసొంటివి శానా ఖాళీగ దొరికినయి. మిగిలిన నీళ్లుంటే మోటరు పెట్టి తోడిన్రు. శివనగర్ మెట్ల బావి జోలికైతే పోకు, అది కాకతీయులది.

నాలుగు చక్రాలు:
వంపు ఒక్కటే కాదు. అంతకుముందు మట్టి (క్లే) చక్రాలు, పట్టు లేదు, పెళ్లలు లేస్తుండె. 1970ల మొదట్ల ఫ్రాంక్ నాస్వర్తీ యూరిథేన్ (ఒక తీరు ప్లాస్టిక్) చక్రాలు అమ్మినంకనే కథ మారింది. 1975ల కాలిఫోర్నియా డెల్ మార్ స్కేట్‌బోర్డు పోటీల మిగతావాళ్లు నిలబడి గిరగిర తిరిగితే, టోనీ ఆల్వా, జే ఆడమ్స్, పెగ్గీ ఓకీ ఉన్న జీ-బాయ్స్ జట్టు మోకాళ్లు మడిచి, చెయ్యి నేలకానిచ్చి, ఆ చెయ్యి చుట్టు బోర్డును తిప్పింది. సర్ఫర్ లారీ బర్టల్‌మన్ పేరు మీద దాన్ని ‘బర్ట్’ అంటరు. మట్టి చక్రాల మీద అట్ల వంగితే బోర్డు జారిపోతది.

నీ రెండో డౌటుకు: 78ఏ మెత్తటివి, 56 ఎంఎం వెయ్యి. ట్రక్కుకు (చక్రాల ఇరుసును పట్టే లోహపు ముక్క), చెక్కకు నడుమ 3 ఎంఎం రైజర్ ప్యాడ్ (ఎత్తు పెంచే బిళ్ల) తప్పదు. అది పెడితే 1 అంగుళం బోల్టులు చాలవు, 1¼ తీసుకో. చక్రం నట్టుకు 13 ఎంఎం పానా. నట్టు బిగించినంక పావు చుట్టు వదులు చెయ్యి, చక్రం పక్కకు కొంచెం కదలాలె. కదలకపోతే బేరింగ్ నలుగుతది.

గల్లీ గచ్చు:
రైజర్ పెట్టినా ఒక అంచు మీద బరువేసి నిలబడి చూడు. చెక్క కింద నల్లటి గీత పడ్డదంటే చక్రం చెక్కకు రాసుకుంటున్నట్టే, మలుపుల ఒక్కసారిగ ఆగుతది. కింగ్‌పిన్ (ట్రక్కు నడుమ ఉండే పెద్ద బోల్టు) నట్టు అర చుట్టు బిగించు, పానా 9/16 అంగుళం.

కాజీపేట పోరడు:
బేరింగులు కరకర అంటున్నయి. కొబ్బరినూనె వెయ్యొచ్చా?

నాలుగు చక్రాలు:
వద్దు, గడ్డకట్టి దుమ్మంతా పడతది. ఎనిమిదింటినీ ఊడదీసి, షీల్డ్‌ను (బేరింగ్ మీది మూత) పిన్నీసుతోని లేపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ల కడుగు. పూర్తిగ ఆరినంక కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క. కడిగినా కరకర పోకుంటే గుండ్లు అరిగినట్టు, కొత్త 608 సైజు బేరింగులు కొను.