గూగుల్‌లో మా ఫ్యాన్ సైట్ నిండా జపనీస్ పేజీలు, పైగా బిట్‌కాయిన్ బెదిరింపు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

పాతపాటల_పెట్టె

ఘంటసాల పాటల సాహిత్యం పెట్టే చిన్న సైట్. వర్డ్‌ప్రెస్, సీప్యానెల్ ఉన్న షేర్డ్ హోస్టింగ్, సుమారు 1400 పోస్టులు, 9 ప్లగిన్లు. థీమ్ డబ్బు పెట్టి కొనాల్సినదే గానీ టెలిగ్రామ్ గ్రూపులో ఉత్తినే దొరికింది. సైట్ తెరిస్తే అంతా మామూలుగానే ఉంది. గూగుల్‌లో వెతికితే మాత్రం మా అడ్రస్ కింద జపనీస్‌లో బ్యాగులు, వాచీలు అమ్మే పేజీలు. పోయిన వారం బ్యాకప్ వేస్తే రెండ్రోజుల్లో మళ్లీ మొదటికొచ్చింది. 48 గంటల్లో శుభ్రం చేయకపోతే అకౌంట్ ఆపేస్తామని హోస్టింగ్ వాళ్లన్నారు. ఇది చాలదన్నట్టు, బిట్‌కాయిన్ పంపకపోతే డీడాస్‌తో (ఒకేసారి లెక్కలేనన్ని రిక్వెస్టులు పంపి) సైట్ పడగొడతామని ఓ మెయిల్. రెండూ ఒకళ్ల పనేనా?

కమాండ్‌లైన్_కాంతం

ఒకళ్ల పని అయ్యుండదండీ. మీ మీద కక్షా కాదు. బాట్లకి సైట్ దేని గురించో అక్కర్లేదు, లోపల ఏ ప్లగిన్ ఏ వెర్షన్ ఉందన్నదే కావాలి. 2020 సెప్టెంబర్‌లో ఫైల్ మేనేజర్ ప్లగిన్‌లో లొసుగు బయటపడ్డప్పుడు 6.9కి మారని సైట్ల కోసం ఇంటర్నెట్ అంతా గాలించాయి. మీ దగ్గర అంత వెతుకులాట కూడా అక్కర్లేదు. టెలిగ్రామ్ థీమ్‌నే మొదట అనుమానించాలి. అలాంటి వాటిలో తరచూ దొడ్డిదారి పెట్టే పంచుతారు.

మీకు సైట్ బాగానే కనిపించడానికి కారణం ఆ దొంగ కోడ్ గూగుల్‌బాట్‌కి (గూగుల్ కోసం పేజీలు చదివే ప్రోగ్రామ్‌కి) ఒక పేజీ, మనుషులకి ఇంకో పేజీ ఇవ్వడం. సైట్ ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లి లైవ్ టెస్ట్ కొట్టి, అక్కడ కనిపించే హెచ్‌టీఎంఎల్ చూడండి. అసలు రంగు బయటపడుతుంది.

ఏదీ డిలీట్ చేయకముందే ఫైళ్లు, డేటాబేస్, యాక్సెస్ లాగ్‌లు మొత్తం మీ కంప్యూటర్‌లోకి దింపుకోండి. షేర్డ్ హోస్టింగ్‌లో లాగ్‌లు ఎక్కువ కాలం ఉండవు. ఆ తర్వాత క్రాన్ జాబ్స్, అంటే సర్వర్ వేళకి తనంతట తనే నడిపే పనులు. సీప్యానెల్‌లో మీరు పెట్టని లైన్ ఏదైనా ఉందేమో చూడండి. అది నిమిష నిమిషానికీ పాడు ఫైలుని బయటి నుంచి మళ్లీ దించుతుంటే మీరు ఎన్నిసార్లు కడిగినా దండగే. ఇండెక్స్ ఫైల్ గానీ హెచ్‌టీయాక్సెస్ (సర్వర్ రూల్స్ ఉండే ఫైల్) గానీ తుడిచిన క్షణంలోనే తిరిగొచ్చి, పర్మిషన్ 444 (చదవడానికి మాత్రమే) అని చూపిస్తోందంటే మెమరీలో ఒక పీహెచ్‌పీ ప్రాసెస్ కూర్చుని రాస్తోందని అర్థం. మీ అకౌంట్ కింద నడుస్తున్న ప్రాసెస్‌లన్నీ హోస్టింగ్ వాళ్లతో చంపించండి, ఆ తర్వాతే ఫైళ్ల జోలికి వెళ్లండి.

కోర్ ఫైళ్లు వెతికి బాగుచేయకండి, పారేయండి. కాన్ఫిగ్ ఫైల్, కంటెంట్ ఫోల్డర్ తప్ప మిగతావన్నీ తీసేసి వర్డ్‌ప్రెస్ అధికారిక సైట్ నుంచి కొత్తవి ఎక్కించండి. ఉంచిన కాన్ఫిగ్ ఫైలుని మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా చదవండి. ప్లగిన్లూ అంతే, 9 తీసేసి నిజంగా వాడేవి మాత్రమే మళ్లీ వేసుకోండి. ఆ థీమ్ మాత్రం మళ్లీ వద్దు.

మిగిలేది కంటెంట్ ఫోల్డర్, అసలు దాగుడుమూతలు అక్కడే. అప్‌లోడ్స్‌లో బొమ్మలే ఉండాలి, పీహెచ్‌పీ ఫైల్ ఒక్కటి కనబడినా అనుమానించాల్సిందే. ఫేవికాన్‌లా ఐసీఓ పేరు పెట్టుకుని లోపల కోడ్ ఉండే ఫైళ్లూ ఉంటాయి, టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే తెలిసిపోతుంది. ఎంయూ-ప్లగిన్స్ (తప్పనిసరిగా నడిచే ప్లగిన్లు) ఫోల్డర్ తప్పకుండా చూడండి. అందులోవి మామూలు ప్లగిన్ల లిస్టులో కనిపించవు, డియాక్టివేట్ బటన్ కూడా ఉండదు. ఫైల్ తేదీలని నమ్మొద్దు, పాత తేదీ వేయడం వాళ్లకి చిటికెలో పని. మీ బ్యాకప్ పనిచేయకపోవడానికి కారణం కూడా బహుశా ఇదే: పోయిన వారం నాటికే దొంగ లోపలున్నాడు.

చివరగా డేటాబేస్‌లో యూజర్స్ టేబుల్ చూసి తెలియని అడ్మిన్లని తీసేయండి. సీప్యానెల్, ఎఫ్‌టీపీ, డేటాబేస్, వర్డ్‌ప్రెస్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. కాన్ఫిగ్ ఫైల్‌లోని 8 సీక్రెట్ కీ లైన్లు కూడా మార్చాలి. లేకపోతే పాత కుకీతో వాడు ఇంకా లాగిన్ అయ్యే ఉంటాడు.

పులిహోర_ప్యాకెట్

బెదిరింపు మెయిల్‌కి జవాబివ్వొద్దు, పైసా పంపొద్దు. అలాంటి మెయిళ్లు గంపగుత్తగా వేలమందికి వెళ్తాయి, చాలావాటి వెనక దాడి చేసే సత్తా ఏమీ ఉండదు. అలాగని ఫ్యాన్ సైట్ల మీద నిజమైన దాడులు జరగవనీ కాదు. 2023 జులైలో ఫ్యాన్ ఫిక్షన్ సైట్ ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ డీడాస్ దెబ్బకి పడిపోయింది. అనానిమస్ సుడాన్ అనే హ్యాకర్ల ముఠా పేరుతో 30,000 డాలర్ల బిట్‌కాయిన్ అడిగారు. సైట్ వాళ్లు డబ్బు కట్టలేదు, వచ్చే ట్రాఫిక్‌ని ముందే వడకట్టే క్లౌడ్‌ఫ్లేర్ వెనక్కి వెళ్లి సైట్ నిలబెట్టుకున్నారు.

మీకు దాని ఉచిత ప్లాన్ చాలు, డీడాస్ రక్షణకి 2017 నుంచి దాడి ట్రాఫిక్ లెక్క కట్టి డబ్బు అడగడం లేదు. డొమైన్ కొన్నచోట నేమ్‌సర్వర్లు మార్చడమే పని. చాలామంది బోల్తా పడేది ఆ తర్వాత: సైట్ డీఎన్ఎస్ రికార్డుకి నారింజ మబ్బు (ట్రాఫిక్ క్లౌడ్‌ఫ్లేర్ మీదుగా వస్తుందని గుర్తు) పెట్టి, మెయిల్, ఎఫ్‌టీపీ, సీప్యానెల్ రికార్డులు బూడిద రంగులోనే (నేరుగా సర్వర్‌కి) వదిలేస్తారు. అవన్నీ అదే సర్వర్ ఐపీ చూపిస్తాయి కాబట్టి ముందు తలుపు మూసి కిటికీ తెరిచినట్టే. అక్కర్లేనివి తీసేయండి, మెయిల్ వేరేచోటికి మార్చండి, హోస్టింగ్ వాళ్లని కొత్త ఐపీ అడగండి. ఎందుకంటే పాత ఐపీ, డీఎన్ఎస్ చరిత్ర దాచే సైట్లలో ఎవరికైనా దొరుకుతుంది.

మబ్బు పెట్టగానే అయిపోలేదు. క్లౌడ్‌ఫ్లేర్ మామూలుగా బొమ్మలు, సీఎస్ఎస్ లాంటివే క్యాష్ చేస్తుంది (కాపీ దాచుకుని తనే ఇస్తుంది), హెచ్‌టీఎంఎల్ చేయదు. ప్రతి పాట పేజీ మీ సర్వర్ దాకా వస్తుంది. అడ్మిన్ పేజీలనీ, లాగిన్ కుకీ ఉన్నవాళ్లనీ మినహాయించి మిగతాదంతా క్యాష్ చేసేలా రూల్ రాయండి. లాగిన్ పేజీకి ఛాలెంజ్ (మనిషేనా అని పరీక్ష) పెట్టండి. జెట్‌ప్యాక్, మొబైల్ యాప్ వాడకపోతే ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ (బయటి యాప్‌లు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే దారి) పూర్తిగా బ్లాక్. వచ్చిన ప్రతివాళ్లనీ పరీక్షించే అండర్ అటాక్ మోడ్ దాడి జరుగుతున్నప్పుడు మాత్రమే, ఎప్పుడూ ఆన్‌లో ఉంటే ఆర్ఎస్ఎస్ రీడర్లు ఆగిపోతాయి.

నల్లతెర_నాయుడు

పైవాళ్లు చెప్పింది సరైనదే, కానీ ఘంటసాల పాటలు రోజూ మారవు కదా. 1400 పేజీల సాహిత్యానికి పీహెచ్‌పీ, డేటాబేస్ ఎందుకు? శుభ్రం అయ్యాక హ్యూగో అనే టూల్‌తో స్టాటిక్ పేజీలుగా (ముందే తయారుచేసి పెట్టిన ఫైళ్లుగా) మార్చి క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల హోస్టింగ్ అయిన పేజెస్‌లో పెట్టేయండి. ఉచిత ప్లాన్‌లో 20,000 ఫైళ్ల దాకా, ఒక్కో ఫైల్ 25 ఎంబీ దాకా ఇస్తారు. లాగిన్ పేజీయే లేని సైట్‌కి లాగిన్ దాడి ఉండదు. పోయేది కామెంట్లు.

ఒక్క చిక్కుంది, తెలుగు లాంటి లిపుల్లో లింకులున్న సైట్లకి వచ్చేది. యూఆర్‌ఎల్‌లో ఒక్కో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, ఏదైనా సరే ఎన్‌కోడ్ అయ్యాక 9 క్యారెక్టర్లు అవుతుంది. వర్డ్‌ప్రెస్ స్లగ్ (లింకు చివర ఉండే పోస్టు పేరు) హద్దు 200, అంటే 22 దాటితే తోక తెగిపోతుంది. పాట మొదటి లైన్‌తో పెట్టిన లింకులు సగంలో తెగి ఉంటాయి, హ్యూగో పూర్తి పేరుతో తయారుచేస్తుంది, అలాంటి పాత లింకులన్నీ 404 (పేజీ లేదు). డేటాబేస్ నుంచి పాత స్లగ్‌లు ఉన్నవున్నట్టు తీసి పాత లింకు నుంచి కొత్తదానికి పంపే రీడైరెక్ట్ ఫైల్ రాయండి. స్టాటిక్ రీడైరెక్టులు 2000 దాకా ఒప్పుకుంటారు, మీ 1400 పట్టేస్తాయి.

పాతపాటల_పెట్టె

క్రాన్‌లో ఒక లైన్, ఎంయూ-ప్లగిన్స్‌లో ఒక ఫైల్ దొరికాయి, రెండూ నేను పెట్టినవి కావు. థీమ్ తీసేశాను. గూగుల్‌లో ఉన్న జపనీస్ లింకుల సంగతేంటి? రోబోట్స్ ఫైల్‌లో (సెర్చ్ బాట్లు ఎక్కడికి రాకూడదో చెప్పే ఫైల్) బ్లాక్ చేయనా?

కమాండ్‌లైన్_కాంతం

చేయొద్దు. బ్లాక్ చేస్తే గూగుల్‌బాట్ ఆ పేజీలకి రాదు, అవి పోయాయని దానికి తెలియదు, లింకులు అలాగే వేలాడతాయి. 404 గానీ 410 (పేజీ శాశ్వతంగా పోయింది) గానీ ఇవ్వనివ్వండి. అవన్నీ ఒకే ఫోల్డర్ పేరుతో మొదలైతే సెర్చ్ కన్సోల్ రిమూవల్స్ టూల్‌లో ఆ మొదటి భాగం (ప్రిఫిక్స్) ఇవ్వండి, సుమారు 6 నెలలు కనబడకుండా ఉంటాయి, ఆలోపు 404లు వాటి పని అవి చేస్తాయి. సెక్యూరిటీ ఇష్యూస్‌లో హెచ్చరిక ఉంటే రివ్యూకి పెట్టండి.

దానికంటే ముందు సెర్చ్ కన్సోల్ సెట్టింగ్స్‌లో యూజర్లని చూడండి. ఈ రకం హ్యాక్‌లో తమని తాము ఓనర్‌గా చేర్చుకుని, తమ సైట్‌మ్యాప్ ఎక్కిస్తారు. తెలియని ఓనర్ ఉంటే ముందు రూట్ ఫోల్డర్‌లో గూగుల్ పేరుతో మొదలయ్యే వెరిఫికేషన్ ఫైల్ తీసేసి ఆ తర్వాత ఓనర్‌ని తీయండి. వరస తప్పితే మళ్లీ వెరిఫై చేసుకుంటాడు. ఆ ఫైల్ కనబడకపోతే హెచ్‌టీయాక్సెస్‌లో వెతకండి, గూగుల్ అడిగినప్పుడల్లా ఆ ఫైలుని అప్పటికప్పుడు తయారుచేసి ఇచ్చే రూల్ అక్కడ ఉండొచ్చు.