మే నెలలో మేము సిమ్లా వెళితే ఆ ఊరికి భారమవుతామా?

సైనిక్‌పురి వాసి:
అమ్మానాన్నలకు హిమాలయాలు చూడాలని ఎన్నాళ్లనుంచో కోరిక. హైదరాబాద్ ఎండలూ తప్పుతాయని మే నెలలో వారం రోజులు సిమ్లాకు వెళ్లాలనుకున్నాము. అయితే 2018 వేసవిలో అక్కడ కుళాయిలు ఎండిపోయి, ఊరివాళ్లే పర్యాటకులను రావద్దని వేడుకున్న సంగతి గుర్తొచ్చి మనసు వెనకాడుతోంది. రెండు రోజులు నీళ్లు రాకపోతే ట్యాంకరు కోసం మా అపార్టుమెంటులో పడే తిప్పలు నాకు తెలుసు. వెళ్లడం తప్పంటారా?

మలక్‌పేట ఇంజనీరు:
ఆ కొరతకు పర్యాటకులు మాత్రమే కారణం కాదండీ. సుమారు 2,200 మీటర్ల ఎత్తున కొండ శిఖరాల వెంట పరుచుకున్న ఆ ఊరికి, ఎంతో దిగువనున్న గుమ్మా, గిరి వంటి చోట్లనుంచి నీటిని పంపులతో పైకి ఎక్కించాలి. 2015 చివర్లో అశ్వనీ ఖడ్ అనే వాగులో మురుగు కలిసి వేలమందికి కామెర్లు సోకడంతో, 2016లో ఆ వాగునుంచి సరఫరా ఆపేశారు. ఆ తర్వాత మంచు సరిగా కురవని ఒక చలికాలం గడిచేసరికి మిగిలిన వనరులూ చిక్కిపోయి, 2018లో ఊరు దాహంతో అల్లాడింది. ఊరి మురుగే ఊరి మంచినీటిని చెరిచిందన్నమాట. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. ఇక కట్టడాల సంగతి చూడండి. 2017లో పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్ సిమ్లా నడిబొడ్డున, అటవీ ప్రాంతాల్లో కొత్త కట్టడాలను నిషేధించి, మిగతాచోట్ల రెండున్నర అంతస్తులు దాటవద్దన్నది. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసి, 2041 వరకు వేసిన అభివృద్ధి ప్రణాళికకు దారి ఇచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే, 2023 ఆగస్టు 14న, కుండపోత వానలో సిమ్లాలోని సమ్మర్‌హిల్ శివాలయం మీద కొండచరియ విరిగిపడి 20 మంది చనిపోయారు.

గండిపేట పాతకాపు:
సిమ్లాకు నీళ్లిచ్చిన సియోగ్ అడవిలోకి నేటికీ పర్యాటకుల కార్లను రానివ్వరు. నడిచో, సైకిలు మీదో వెళ్లాలి. మన గండిపేట, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడాలను అదుపులో పెట్టిన 1996 నాటి 111 జీవో ఉద్దేశమూ ఇదే, నీరు చేరే నేలను కాపాడటం. 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేశారు. సిమ్లాను చూసి జాలిపడే ముందు మన జంట జలాశయాలను ఒకసారి చూసి రావాలని నాకు అనిపిస్తుంది.

తార్నాక ప్రయాణికురాలు:
వెళ్లవద్దనడం నాకు సమ్మతం కాదు. అక్కడి టాక్సీవాళ్లు, శాలువాలమ్మేవాళ్లు మనలాంటివాళ్ల మీదే బతుకుతున్నారు. నెల మార్చుకోండి: వానలు వెనకబట్టిన అక్టోబరులో ఊటల్లో నీరు ఉంటుంది, వేసవి రద్దీ ఉండదు. కాల్కానుంచి కారు బదులు 1903 నాటి బుల్లి రైలు ఎక్కండి. సిమ్లా దగ్గరి కుఫ్రీలో గుర్రపు సవారీ మాత్రం మానుకోమంటాను. వాటి గిట్టల కింద అడవి నేల పాడైపోతోందన్న ఫిర్యాదు హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. బతుకుతెరువు సంగతి ఎత్తిన నేనే ఇలా చెప్పడం ఆ గుర్రాలవాళ్లకు కష్టమేనని తెలుసు, అయినా మొలక లేని అడవి వాళ్లకూ ఎన్నాళ్లో అన్నం పెట్టదు.

సైనిక్‌పురి వాసి:
అందరికీ కృతజ్ఞతలు. ప్రయాణం అక్టోబరుకు మార్చుకున్నాము. సియోగ్‌లో ఎంత దూరం నడవాలని నాన్నగారు అడుగుతున్నారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. వెళ్లొచ్చినవారెవరైనా చెప్పగలరా?